కడుపు తీసేశారు సరే, తర్వాత ముద్ద సంగతి ఎవరు చూస్తారు?

పోస్టు పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. చదివేసి బొటనవేలు గుర్తు పెట్టి వెళ్లిపోకండి, చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

మూడేళ్ల కిందట ఇదే గ్రూపులో మేం ఒక ఫొటో పెట్టాం. మా హాస్టల్ గదిలో ఉండే తమ్ముడి తాత ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉన్న ఫొటో. "తాతకి కడుపు క్యాన్సర్ ఆపరేషన్ సక్సెస్, సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అని రాశాం. చాలామంది దండాలు పెట్టారు. కొందరు డబ్బులు కూడా వేశారు. ఆ తర్వాత తాత ఎలా ఉన్నాడని ఈ గ్రూపులో ఎవరూ అడగలేదు. మేం కూడా రాయలేదు. అందుకే ఇవాళ రాస్తున్నాం.

మొన్న సంక్రాంతి సెలవులకి ఆ ఊరు వెళ్లాం. తాతకి ఇప్పుడు 71 ఏళ్లు. క్యాన్సర్ తిరగబెట్టలేదు. ఆసుపత్రి లెక్కలో ఆయన గెలిచినట్టే. కానీ ఒకప్పుడు కొండెక్కి పోడు కొట్టిన మనిషి గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఆపరేషన్‌కి ముందు 56 కిలోలు, ఇప్పుడు 41. కాళ్ల కింద దూది పరిచినట్టు ఉంటోందిరా మనవడా అన్నాడు. అవ్వ ఒక మాట అంది. "బతికించారు బాబూ, కాదనను. కానీ మూడేళ్లయింది, ఆయన ఒక పూట సుఖంగా తిన్నది నేను చూడలేదు."

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. అప్పుడు పెట్టె తీసి డిశ్చార్జి కాగితం మళ్లీ చదివాం. రెండో పేజీ చివర, మందుల కింద ఒక ఇంగ్లీషు లైను ఉంది. బి12 విటమిన్ ఇంజెక్షన్ మూడు నెలలకి ఒకసారి, జీవితాంతం. మూడేళ్లలో ఆయనకి ఒక్కటంటే ఒక్క ఇంజెక్షన్ పడలేదు.

ఆ కాగితాన్ని మేం అంతకుముందు చూడలేదని కాదు. బస్సు డబ్బుల కోసం చూశాం, పింఛను కోసం జిరాక్స్ తీయించాం, ఈ గ్రూపులో పెట్టడానికి ఫొటో తీశాం. ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగింది మేమే. చివరి లైను మాత్రం చదవలేదు. ముందు ఈ తప్పు ఒప్పుకుని, ఆ తర్వాతే మిగతావాళ్లని అడుగుతాం.

అసలు ఆ లైను ఎందుకంత ముఖ్యమో చెప్తాం. కడుపు అంటే ఒక సంచి. తిన్నది పట్టి ఉంచుతుంది, మెత్తగా చేస్తుంది, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. క్యాన్సర్ ఉన్నచోటుని బట్టి ఆ సంచిలో కొంత భాగం తీసేస్తారు, లేదా మొత్తం తీసేస్తారు. మొత్తం తీస్తే ఆహార నాళాన్ని నేరుగా చిన్నపేగుకి కుడతారు. ఇంక ఆపి ఉంచే సంచి లేదు. తిన్నది తిన్నట్టు పేగులోకి దూకుతుంది. తిన్న పావుగంట, అరగంటలో గుండె దడ, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, సొమ్మసిల్లడం. దీన్ని డాక్టర్లు డంపింగ్ అంటారు. పైగా పైత్యరసం గొంతు దాకా ఎగదన్ని రాత్రి నిద్ర ఉండదు. బరువులో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా పోవడం మొత్తం కడుపు తీసినవాళ్లలో మామూలే. వయసు మళ్లినవాళ్లలో ఆ పోయేదాంట్లో కండ ఎక్కువ. పోయిన కండ తిరిగి రావడం కష్టం.

ఇక బి12. మాంసం లాంటి తిండిలోంచి బి12ని శరీరం పట్టుకోవాలంటే కడుపు గోడలో తయారయ్యే ఒక పదార్థం కావాలి. కడుపే లేకపోతే ఆ పదార్థం లేదు. ఎంత మంచి తిండి పెట్టినా బి12 ఒంటికి సరిగా పట్టదు. కాలేయంలో ఉన్న నిల్వ మీద కొన్నేళ్లు నడుస్తుంది. ఆ నిల్వ అయిపోయాక రక్తం తగ్గుతుంది, పాదాలు మొద్దుబారతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. ఆలస్యం చేస్తే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు. ఇందులో మోసం చూడండి. ఆపరేషన్ అయిన వెంటనే ఏమీ తెలీదు. రెండు మూడేళ్ల తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఆసుపత్రి మర్చిపోతుంది, ఇల్లు మర్చిపోతుంది, కాగితం ఎలకలు కొట్టేస్తాయి. మనిషి ముసలాడు కాబట్టి అందరూ ఒకే మాట అంటారు: "వయసు కదా."

మా మొదటి కోపం ఈ మాట మీదే. తాత తూలుతున్నాడని ఊరికి వచ్చిన ఆరోగ్య సిబ్బందికి చెప్తే వయసు కదా అన్నారు. నీరసం అంటే వయసు కదా. మర్చిపోతున్నాడంటే వయసు కదా. వయసు అనేది రోగం పేరు కాదు. అదే లక్షణాలతో ముప్పై ఏళ్ల ఉద్యోగి వెళ్తే రక్తపరీక్ష రాస్తారు. డెబ్బై ఏళ్ల ఆదివాసీ వెళ్తే వయసు రాస్తారు. ఆ ఒక్క మాట వెనక రక్తహీనత దాక్కుంది, నరాల జబ్బు దాక్కుంది, ఎముకలు గుల్లబారడం దాక్కుంది.

ఈ ఆపరేషన్ కొత్తది కూడా కాదు. 1881 జనవరి 29న వియన్నాలో బిల్‌రాత్ అనే సర్జన్ క్యాన్సర్ ఉన్న కడుపు భాగాన్ని కోసి మిగతాది పేగుకి కుట్టి విజయం సాధించాడు. ఆ పేషెంటు ఆ తర్వాత నాలుగు నెలలే బతికింది. 1897లో జ్యూరిక్‌లో ష్లాటర్ అనే సర్జన్ కడుపు మొత్తం తీసేసినా మనిషి బతకగలదని చూపించాడు. అంటే కత్తి పని నేర్చుకుని వందేళ్లు దాటిపోయింది. ఆపరేషన్ అయిన మనిషి పొద్దున లేచి ఏం తినాలో మా అవ్వకి అర్థమయ్యే మాటలో చెప్పడానికి ఇంకెన్ని వందలేళ్లు కావాలి?

తిండి సంగతే తీసుకోండి. ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ కాగితంలో బ్రెడ్డు, కస్టర్డు, ఓట్సు, యాపిల్ ఉన్నాయి. మా కొండ మీద సంత వారానికి ఒక్క రోజు. సంతలో దొరికేది ఎండు చేప, ఉల్లి, వంకాయ, రాజ్మా, బెల్లం. ఇంట్లో ఉండేది చోడి అంబలి, సామ అన్నం, రేషను బియ్యం. పొద్దున్నే అంబలి నిండుగా తాగి పనిలోకి పోవడం, ఆనపకాయ బుర్రలో ఇంకొంత పోసుకెళ్లి మధ్యాహ్నం తాగడం, మళ్లీ చీకటి పడ్డాక తినడం మనకి అలవాటు. కడుపు లేని మనిషికి సరిగ్గా ఇదే కష్టం. ఒకేసారి ఎక్కువ, అదీ పల్చగా, గబగబా. ఆ కాగితం రాసినవాళ్లు ఒక్కసారి "మీరు ఇంట్లో ఏం తింటారు తాతా" అని అడిగి ఉంటే చాలు. అంబలి మానొద్దు, చిక్కగా కాచుకో, గ్లాసు కాదు అరగ్లాసు, రెండు గంటలకి ఒకసారి. గుడ్డు, పప్పు, ఉడికిన రాజ్మా, చేప ముందు తిను. నీళ్లు ముద్దతో పాటు వద్దు, అరగంట ఆగి తాగు. బెల్లం టీ, పాయసం జోలికి పోకు. బాగా నములు. తిన్న వెంటనే పడుకోకు, పడుకున్నప్పుడు తల ఎత్తుగా పెట్టుకో. ఇంతే కదా! దీనికి యాపిల్ ఎందుకు? మన చోళ్లలో కాల్షియం మస్తుగా ఉంది. మన తిండిలోనే చాలా జవాబు ఉంది. అడిగే నోరే లేదు.

పోయినేడు ఇటుకల పండగకి ఏం జరిగిందో తమ్ముడు చెప్పాడు. ఊరంతా ఒక్కచోట తింటోంది. పెద్దమనిషి కదా, తాత ముందు దొప్పలో అందరికంటే ఎక్కువ వడ్డించారు. తినకపోతే పెట్టినవాళ్లకి అవమానం. తిన్నాడు, మీద తియ్యటిది కూడా తాగాడు. కాసేపటికి చెమటలు పట్టి పడిపోయాడు. గాలి సోకిందన్నారు. దిసారి వచ్చాడు. మేం దిసారిని తప్పుపట్టడం లేదు. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఎప్పటినుంచి, ఏం తిన్నాక, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగాడు. మూడేళ్లలో తాతని అలా అడిగినవాడు ఆయనొక్కడే. ఆ రోజు నుంచి తాత పది మందిలో తినడం మానేశాడు. ఆ తర్వాత పది మందిలో కూర్చోవడమే మానేశాడు. తగవులు తీర్చిన మనిషి ఇప్పుడు ఇంటి వెనక ఒక్కడే గిన్నె పట్టుకుని కూర్చుంటాడు. దీన్ని ఏ స్కానింగు చూపిస్తుంది?

డాక్టర్ల పుస్తకాల్లో దీనికొక పేరుంది. జీవన నాణ్యత. అది కొలవడానికి ప్రశ్నల పత్రాలు కూడా ఉన్నాయి. యూరప్‌లో తయారైనది 30 ప్రశ్నలది ఒకటి, కడుపు క్యాన్సర్ వాళ్లకని ప్రత్యేకంగా 22 ప్రశ్నలది ఇంకొకటి. కొంచెం తినగానే నిండిపోతోందా, భోజనం ఆనందంగా తినగలుగుతున్నారా, బరువు తగ్గుతోందని దిగులుగా ఉందా, ఇలాంటివి అడుగుతారు. చదివినప్పుడు మాకు ఆశ్చర్యమేసింది. ఇవన్నీ అవ్వ అడిగే ప్రశ్నలే! తిన్నాడా, పడుకున్నాడా, సంతకి పోయాడా, నవ్వాడా. అంటే ఇది అడగదగిన ప్రశ్న అని సైన్సు ఒప్పుకుంది. ఆపరేషన్ అయిన కొత్తలో బతుకు బాగా దిగజారి, ఆరు నెలల నుంచి ఏడాది లోపల చాలావరకు మళ్లీ లేస్తుందని, తిండి ఇబ్బంది, నీరసం, విరేచనాలు మాత్రం కొందరిని వదలవని పరిశోధనలు చెప్తున్నాయి. కానీ ఆ లేవడం ఎవరికి? మాటిమాటికీ డాక్టరు చూసేవాళ్లకి, డైటీషియన్ ఫోను ఎత్తేవాళ్లకి. మా తాత లేవలేదు. ఎందుకంటే పట్టుకుని లేపే చెయ్యి లేదు.

ఇప్పుడు మాకు ఎదురుచెప్పేవాళ్ల మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది, "ప్రాణం నిలబెట్టారు కదా, అది చాలదా? ఆరోగ్యశ్రీ లేకపోతే అదీ లేదు." నిజమే. 2007లో ఆరోగ్యశ్రీ రాకపోతే మనలాంటి ఇళ్లకి ఇంత పెద్ద ఆపరేషన్ కలలో మాట. ఆపరేషన్ చేసిన డాక్టర్ల చేతులకి మేం దండం పెడతాం. కానీ పథకం కోతకి డబ్బు కడుతోంది, కుట్లు విప్పాక బతుకుకి కట్టడం లేదు. లక్షలు పెట్టి చేసిన ఆపరేషన్ ఫలితం, కారుచౌక ఇంజెక్షన్ పడక పాడైపోతుంటే అది పొదుపు ఎలా అవుతుంది? 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 మించకుండా ఇస్తామన్నారు. ఆపరేషన్ తర్వాత కూడా ఆకలి ఉంటుందని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. మంచి ఆలోచన. కానీ కడుపు లేని మనిషికి కోలుకునే రోజులు ఇన్ని అని లెక్క కట్టలేం. ఆయన రోజూ ఆరుసార్లు తినాలి, చచ్చేదాకా.

రెండోది, "ట్రైబల్స్ చెప్పిన మాట వినరు, ఫాలోఅప్‌కి రారు." ఈ మాట చదువుకున్నవాళ్లు అంటారు, అందుకే ఎక్కువ మండుతుంది. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట. తాత ఊరు నుంచి పాడేరు చేరడమే ఒక ప్రయాణం. ముందు నడక, తర్వాత జీపు, తర్వాత బస్సు. వానాకాలంలో గెడ్డ పొంగితే డోలీ. క్యాన్సర్ పేషెంటుకి, తోడు వెళ్లేవాళ్లకి రైల్లో టికెట్టు రాయితీ ఉంది, స్లీపర్‌లో పేషెంటుకి పూర్తిగా ఉచితం. చాలా సంతోషం. పాడేరుకి రైలెక్కడుంది? అరగంటకోసారి విరేచనం పట్టే ముసలాయన ఘాటు రోడ్డులో బస్సు ఎన్నిసార్లు ఆపమంటాడు? రాలేదని రాసుకునే ముందు ఎందుకు రాలేకపోయాడో ఒక కాలమ్ పెట్టండి. ఇంకో సంగతి. కాగితం ఇంగ్లీషులో, మాట తెలుగులో, తాత మాట్లాడేది కువి. మధ్యలో ఇంటర్ చదివే పిల్లాడు. ఈ మూడు మెట్లు దిగేసరికి "జీవితాంతం" అన్న మాట ఎక్కడో జారిపోయింది. వినలేదు అనొద్దు. వినపడేలా చెప్పలేదు అనండి.

మూడోది మన ఇళ్లలోదే, ఇదే అన్నింటికంటే కష్టం. "ఇంక ఎన్నాళ్లు బతుకుతాడు, ముసలాయనకి ఇవన్నీ ఎందుకు?" మేం కూడా విన్నాం. పైకి అనకపోయినా మనసులో అనుకున్నవాళ్లం మాలోనూ ఉన్నాం. పనిచేసే చేతికే ముద్ద అనే లెక్క మనది కాదు అన్నా, ఇది షావుకారు లెక్క. మనకి పెద్దలు అంటే విత్తనాల సంగతి తెలిసినవాళ్లు, ఏ చెట్టు పట్ట ఏ నొప్పికో తెలిసినవాళ్లు, ఊరి గట్లు, గొడవలు, పాటలు తెలిసినవాళ్లు. జై ఆదివాసీ అని స్టేటస్ పెడతాం, ఆగస్టు 9న డప్పు కొట్టి ఆడతాం, ఇంట్లో ఆ సంస్కృతి మొత్తం మోస్తున్న మనిషి అరగ్లాసు అంబలి కోసం కోడలి ముఖం చూస్తుంటే మనకి పట్టదు. పైగా వయసొక్కటే కోలుకోడానికి అడ్డం కాదు. ముందే బలం చూసి, తిండి పెట్టి, తర్వాత నడిపిస్తే డెబ్బై దాటినవాళ్లు కూడా నిలబడతారు.

ఇది ఒక్క తాత గొడవ కూడా కాదు. దేశంలో కడుపు క్యాన్సర్ రేటు అన్నింటికంటే ఎక్కువ నమోదవుతున్నది మిజోరాంలో, ఐజ్వాల్ జిల్లాలో. అక్కడున్నదీ మనలాంటి గిరిజనులే. కొరియాలో 40 దాటిన ప్రతి ఒక్కరికీ రెండేళ్లకోసారి కడుపు పరీక్ష చేసే కార్యక్రమం ఉంది, తొలిదశలోనే దొరుకుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఊళ్లలో చేసే క్యాన్సర్ స్క్రీనింగు నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి. కడుపు అందులో లేదు. అందుకే మనవాళ్లకి గ్యాస్ మాత్రలతో నెలలు గడిచాకే తెలుస్తుంది. ఆలస్యంగా దొరికితే పెద్ద కోత. పెద్ద కోత అయితే తర్వాత బతుకు ఇంకా కష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. కాలు పోతే ఉంది, చూపు పోతే ఉంది. కడుపు పోతే లేదు. బయటికి కనపడని లోటు కాబట్టి కాగితం మీదా కనపడదు.

మేం అడిగేవి ఇవి. ఏవీ కోట్ల పనులు కావు.

1. కడుపు ఆపరేషన్ అయిన ప్రతి మనిషి పేరు వాళ్ల పీహెచ్‌సీకి పంపాలి. బి12 ఇంజెక్షన్ అక్కడే వెయ్యాలి. గర్భిణులకి, పసిపిల్లలకి ఏఎన్‌ఎం దగ్గర తేదీల లెక్క ఎలా ఉంటుందో అలాగే వీళ్లకీ ఉండాలి.

2. ఊళ్లకి వచ్చే 104 బండిలో బీపీ, షుగర్‌తో పాటు వీళ్ల బరువు చూడాలి, రక్తం శాతం చూడాలి. ఐరన్, కాల్షియం, డి విటమిన్ అవసరమైనవాళ్లకి ఇవ్వాలి.

3. డిశ్చార్జి రోజున తిండి గురించి తెలుగులో బొమ్మలతో కాగితం ఇవ్వాలి. అందులో చోడి, సామ, రాజ్మా, గుడ్డు ఉండాలి. కువి, ఆదివాసీ ఒడియా, కొండదొర భాషల్లో ఒక ఆడియో చేసి ఫోన్లో పెట్టి పంపాలి. ఆడియో చెయ్యడానికి మేం రెడీ, ఐటీడీఏ వాళ్లు పిలిస్తే చాలు.

4. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. నెలకి ఒక్క రోజు ఆపరేషన్ అయిన క్యాన్సర్ పేషెంట్లని అక్కడే చూడాలి. తాత విశాఖ వెళ్లే బదులు డాక్టరు ఘాటెక్కితే తప్పేం లేదు.

5. రోజుకి ఆరుసార్లు తినాల్సిన మనిషికి ఆరుసార్లు తినే సాయం కావాలి. గుడ్లు, పప్పు, నూనె ఉన్న ప్రత్యేక రేషను ఇవ్వాలి.

ఇప్పుడు మన పని. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊళ్లో కడుపు ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. పెట్టెలోంచి డిశ్చార్జి కాగితం తీయించండి. చివరి లైను దాకా చదవండి. బి12 పడుతోందో లేదో అడగండి. పడకపోతే ఆ కాగితం పట్టుకుని వాళ్లతో కలిసి పీహెచ్‌సీకి వెళ్లండి, ఇంజెక్షన్ రాయించండి. పాదాల తిమ్మిరి, తూలడం ఉంటే వయసు అని ఇంటికి రాకండి, రక్తపరీక్ష అడగండి. పేరు, ఫొటో గ్రూపులో పెట్టొద్దు. మండలం, ఎంతమంది, ఎంతమందికి ఇంజెక్షన్ పడుతోంది, ఇంతే రాయండి. ఆ లెక్క పట్టుకుని గ్రీవెన్సుకి వెళ్దాం.

తాత సంగతి చెప్పి ముగిస్తాం. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మొదట్లో వెంటవెంటనే వేశారు, ఇప్పుడు నెలకొకటి. నీరసం కొంచెం తగ్గిందట. పాదాల తిమ్మిరి పూర్తిగా పోతుందని చెప్పలేమన్నారు డాక్టరు. ఏడాది ముందు వచ్చి ఉంటే అన్నారు. ఆ ఏడాది మా దగ్గరే పోయింది. కోడలు ఇప్పుడు అంబలి చిక్కగా కాచి చిన్న గ్లాసులో పోస్తోంది. వచ్చే ఇటుకల పండగకి తాత దొప్పలో కొంచెమే వడ్డించండి, మిగతాది దాచి ఉంచండి, రెండు గంటలాగి మళ్లీ పెట్టండి అని ఊళ్లో చెప్పి వచ్చాం. ఊరు ఒప్పుకుంది. ఆయన మళ్లీ పది మందిలో కూర్చుంటే, ఆ రోజు ఈ గ్రూపులో ఆపరేషన్ సక్సెస్ అని రాస్తాం.

జై ఆదివాసీ.